తొలి ఇల్లు కొనుక్కునే ఉపాధ్యాయులకు ఊరు ఏ రూపంలో తోడ్పడితే మంచిది?

ప్రశ్న: ముమ్మిడివరం టీచర్

అందరికీ నమస్కారం. నేను ఐ.పోలవరం మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్.జి.టి.)గా పనిచేస్తూ, ముమ్మిడివరంలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. మావారిది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరి ఆదాయం కలిపినా ఏడాదికి 9 లక్షల లోపే ఉంటుంది. మా ఇద్దరిలో ఎవరి పేరనా ఇంతవరకు సొంత ఇల్లు లేదు. ముమ్మిడివరంలోనే 25 లక్షలకు ఒక చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. నెల వాయిదా కట్టుకోగలమన్న ధైర్యం ఉంది గాని, మొదట ఒక్కసారిగా చేతిలో ఉండవలసిన సొమ్ము మాత్రం కూడడం లేదు.

సంగతి తెలిసి, మా పాఠశాల ఉన్న ఊరి పెద్దలు, విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు కొందరు సాయం చేస్తామంటున్నారు. కొంత సొమ్ము బహుమానంగా ఇస్తామని కొందరు, తాళం వేసి ఉన్న తమ ఇంటిని తక్కువ ధరకు రాసిస్తామని ఒకరు, పదేళ్లపాటు ఇదే ఊళ్లో పనిచేస్తానంటే స్థలమే ఇస్తామని మరొకరు అన్నారు. వారి అభిమానానికి ఎంతో కృతజ్ఞురాలిని. అయితే నాలాంటి స్థితిలోనే ఈ చుట్టుపక్కల చాలామంది ఉపాధ్యాయులు ఉన్నారు కనుక, నా ఒక్కదాని కోసం కాకుండా, తరువాత వచ్చేవారికి కూడా పనికివచ్చే పద్ధతి ఏదైనా ఉంటే పెద్దలు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత బ్యాంకు అధికారి, అమలాపురం

అమ్మా, ముందు మీకు నిజంగా ఎంత సొమ్ము తక్కువవుతుందో లెక్క చూద్దాం. 30 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి. అంటే 22.5 లక్షలు బ్యాంకు ఇవ్వగా, మార్జిన్ కింద 2.5 లక్షలు మీరు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి మరో 1,87,500 రూపాయలు అవుతాయి. ఈ ఖర్చును ఇంటి విలువలో కలిపి బ్యాంకు అప్పు ఇవ్వదు. వెరసి 4,37,500 రూపాయలు, ఆపైన న్యాయవాది అభిప్రాయం వంటి చిల్లర ఖర్చులు. ఇక వాయిదా, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే, నెలకు సుమారు 19,500 రూపాయలు. ఉపాధ్యాయుల జీతానికి ఈ వాయిదా సాధారణంగా సరిపోతుంది. నా ఉద్యోగకాలంలో వారి దరఖాస్తులు ఆగిపోయింది వాయిదా దగ్గర కాదు, ఆ తొలి నాలుగైదు లక్షల దగ్గరే.

ముమ్మిడివరం నగర పంచాయతీ కాబట్టి ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో దశను తప్పక విచారించండి. కుటుంబ వార్షికాదాయం 9 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారు, 35 లక్షల లోపు విలువగల ఇంటికి 25 లక్షల లోపు రుణం తీసుకుంటే, గరిష్ఠంగా 1.80 లక్షల వడ్డీ రాయితీ ఐదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాకు జమ అవుతుంది. మంచి సాయమే. కాని అది రుణం తీసుకున్న తరువాత వచ్చేది. మార్జిన్‌కు అక్కరకు రాదు. ఊరి సాయం అవసరమైన చోటు అదే.

ఇక వారు చెప్పిన పద్ధతుల సంగతి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు మించి బహుమానంగా వస్తే ఆ మొత్తమంతా మీ ఆదాయంగా లెక్కకట్టి పన్ను వేస్తారు. ఇంటిని తక్కువ ధరకు రాసిచ్చినా, స్టాంపు డ్యూటీని రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన మార్కెట్ విలువపైనే కట్టాలి. పైగా ఆ విలువకూ మీరు చెల్లించిన ధరకూ తేడా 50,000 రూపాయలనూ, ధరలో 10 శాతాన్నీ మించితే, ఆ తేడా కూడా మీ ఆదాయమే అవుతుంది. అమ్మే వ్యక్తి ప్రవాసి అయితే, 50 లక్షల లోపు ఇల్లయినా సరే, చెల్లింపులోంచి పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమచేసే బాధ్యత కొనేవారిదే. అందువల్ల నా సలహా ఒకటే: సాయాన్ని వడ్డీలేని అప్పుగా, బ్యాంకు ద్వారా, రాతపూర్వకంగా తీసుకోండి. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా ముట్టుకోకూడదు. ఆ అప్పు ఉన్నట్లు గృహరుణ దరఖాస్తులో చూపించండి. దాచిపెడితే తరువాత మీకే ఇబ్బంది.

జవాబు: కాలిఫోర్నియాలోని కోనసీమ వాసి

మేడమ్ గారూ, ఇక్కడి పద్ధతులు రెండు చెబుతాను. అమెరికా కేంద్ర గృహనిర్మాణ శాఖ, కొన్ని ఎంపికచేసిన ప్రాంతాల్లో తన చేతికి వచ్చిన ఇళ్లను, ఆ ప్రాంతంలో పనిచేసే ఉపాధ్యాయులకు, పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి ప్రకటించిన ధరలో సగానికే అమ్ముతుంది. కొన్నవారు 36 నెలలు ఆ ఇంట్లోనే నివసించాలి. అంతవరకు ఆ రాయితీ మొత్తానికి ఇల్లు తాకట్టులో ఉంటుంది. ఇక శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న డేలీ సిటీలో, స్థానిక పాఠశాలల యాజమాన్యం 2018లో ఓటర్ల ఆమోదంతో బాండ్లు జారీచేసి, తన సొంత స్థలంలో 122 ఫ్లాట్లు కట్టి, 2022లో సిబ్బందికి మార్కెట్ కన్నా తక్కువ అద్దెకు ఇచ్చింది. అద్దె భారం తగ్గితే సొంతింటికి కొంత కూడబెట్టుకోవచ్చు.

మా ఊళ్లో కూడా ఎన్నో ఇళ్లు ఏళ్ల తరబడి తాళాలతో ఉన్నాయి. కొన్నాళ్లు నివసించాలన్న షరతుతో వాటిని ఉపాధ్యాయులకు ఇవ్వడం ఎందుకు సాధ్యం కాదు? నేను ముందుకు రావడానికి సిద్ధంగా ఉన్నాను.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పాలకొల్లు

బాబూ, నీ మనసు గొప్పది. ఆ షరతు మాత్రం ఇక్కడ కుదరదు. 2025లో వచ్చిన ఉపాధ్యాయ బదిలీల చట్టం ప్రకారం ఒక పాఠశాలలో ఎనిమిది విద్యా సంవత్సరాలు పూర్తయిన ఉపాధ్యాయులు కదలక తప్పదు. పదేళ్లు ఉంటానని మాట ఇవ్వడం ఈ అమ్మాయి చేతిలో లేదు. అంతకన్నా ముఖ్యమైన మాట, తన తరగతిలో పిల్లల తల్లిదండ్రులకు టీచర్ వ్యక్తిగతంగా బాకీపడి ఉండడం ఇద్దరికీ మంచిది కాదు. సొమ్ము వ్యక్తి నుంచి కాకుండా సంస్థ నుంచి రావాలి.

నేను కోరేది ఇది. రెండు మూడు మండలాల ఉపాధ్యాయులు, శ్రేయోభిలాషులు కలిసి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఒక సంఘాన్ని నమోదు చేసుకోవాలి. శ్రేయోభిలాషులు అందులో సభ్యులై డిపాజిట్లు వేస్తారు. తొలి ఇల్లు కొనే ఉపాధ్యాయ సభ్యులకు సంఘం మార్జిన్, రిజిస్ట్రేషన్ సొమ్మును అప్పుగా ఇస్తుంది. వారు జీతంలోంచి ఐదారేళ్లలో తీర్చితే అదే సొమ్ము తరువాతివారికి వెళుతుంది. ఊరు మారినా అప్పు ఆగదు, సంఘం కరగదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి సొమ్ము విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది కాబట్టి, మొదట ఇక్కడున్నవారి డిపాజిట్లతోనే ప్రారంభించి, ప్రవాసుల విషయాన్ని చార్టర్డ్ అకౌంటెంటును సంప్రదించాకే ముట్టుకోవాలి.

అమ్మా, మీరు కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సి.పి.ఎస్.)లో ఉండి మూడేళ్లు దాటితే, తొలి ఇంటి కోసం మీరు స్వయంగా చెల్లించిన చందాలో 25 శాతం వరకు తీసుకునే వీలుంది. కొనే ముందు 1964 నాటి ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం శాఖకు తెలియజేయడం మరవవద్దు.

ప్రశ్న వేసినవారు: ముమ్మిడివరం టీచర్

మాస్టారికి, అందరికీ ధన్యవాదాలు. బహుమానం, స్థలం రెండూ వద్దని ఊరి పెద్దలకు సవినయంగా చెప్పి, సంఘం ఆలోచనను వారి ముందు పెడతాను. ఒక్క సందేహం మిగిలింది. మా తోటి ఉపాధ్యాయిని ఒకరు పల్లెలోనే గ్రామకంఠం (ఊరి నివాసాల కోసం ఉన్న ఉమ్మడి భూమి) స్థలంలోని పెంకుటిల్లు కొనాలనుకుంటున్నారు. ధర తక్కువే. సంఘం అలాంటివాటికి కూడా అప్పు ఇవ్వవచ్చా?

జవాబు: విశ్రాంత బ్యాంకు అధికారి, అమలాపురం

గ్రామకంఠంలో చాలా ఇళ్లకు తరతరాల అనుభవమే తప్ప రిజిస్టర్డు లింకు పత్రాలు (ఆ ఇల్లు ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు) ఉండవు కాబట్టి, బ్యాంకులు సాధారణంగా వెనకాడతాయి. బ్యాంకు రుణం రాని ఇంటికి సంఘం మార్జిన్ ఇచ్చి లాభం లేదు. అందువల్ల ముందు బ్యాంకు మంజూరు పత్రం, తరువాతే సంఘం అప్పు అన్న నియమం బైలాలలోనే (సంఘం నిబంధనావళిలోనే) రాసుకోండి. అలాగే ఏటిగట్టుకు లోపల, లంకల్లో ఉన్న ఇళ్లకు అప్పు వద్దు. 1986, 2022 వరదలు చూసినవారెవరైనా ఆ మాటే చెబుతారు. ఖాళీ స్థలం కొని కట్టుకునేవారి విషయంలో, వరిచేలను పూడ్చిన లేఅవుట్లలో మెరక ఖర్చు, నల్లరేగడి నేలకు తగిన పునాది ఖర్చు అంచనాలో చేరాయో లేదో ఇంజినీరు చేత చూపించండి. ఆ రెండింటినీ వదిలేసిన అంచనాతో మొదలుపెట్టి, సగంలో ఆగిపోయిన ఇళ్లు ఈ డెల్టాలో నేను చాలా చూశాను. బైలాల ముసాయిదా సిద్ధమైతే ఇక్కడే పెట్టండి, నేను చదివి చెబుతాను.