నెలకో కొడుకింట వంతు: పెద్దాళ్ల మనసుకి మేలా, కీడా?

పంటకాలువ:
అమలాపురం, రాజోలు వైపు ఇద్దరు ముగ్గురు కొడుకులున్న ఇళ్లలో అమ్మానాన్నల్ని నెలకొకరు వంతేసుకోవడం మామూలే. మనవల మధ్య ఉంటారు, దిగులుండదని కొందరు. ఆ వంతే దిగులు తెస్తుందని కొందరు. మీరేమంటారు?

కొబ్బరాకు:
వంతే రైటండి. ఒక్క కోడలి మీదే బరువు పడితే విసుగొస్తుంది, ఆ విసుగు ముసలాళ్లకే ముందు తెలుస్తుంది. కాకపోతే నెల చాలదు. కొత్త ఇంట్లో చీకట్లో బాత్రూం దారి అలవాటయ్యేసరికి మళ్లీ పెట్టె సర్దాలి. మూడు నెలలు చేయండి. దిండు, దుప్పటి, మందుల డబ్బా వెంట వెళ్లాలి. మందుల చీటీ ఒక్కటే ఉండాలి. హైదరాబాద్ డాక్టరు రాసిన బీపీ బిళ్లే ఇక్కడి డాక్టరు ఇంకో కంపెనీ పేరుతో రాస్తే రెండూ మింగేస్తారు. ఆ నీరసాన్ని మనం బెంగ అనుకుంటాం.

రేవుగట్టు:
మందుల మాట ఒప్పుకుంటానండి. పెద్దాళ్లకీ పిల్లలకీ మధ్య ప్రేమ, విసుగు కలిసే ఉంటాయని లూషర్, పిల్లెమర్ అనే సమాజ శాస్త్రవేత్తలు 1998లోనే రాశారు, అదీ సరే. కానీ వంతులో ముందు పోయేది పెత్తనం. కొబ్బరి దింపు రోజున కాయలు లెక్కపెట్టి, కూలిచ్చి, బేరమాడిన మనిషి ఫ్లాటులో టీవీ రిమోటు కూడా మనవణ్ని అడగాలి. 1వ తేదీన ఇంటికొచ్చే పింఛను 4,000లో మనవరాలి చేతిలో వంద పెట్టే దర్జా ఉంది చూడండి, అది బిళ్లల్లో దొరకదు. పెద్దాళ్లని ఊళ్లోనే ఉంచి పిల్లలే వంతులేసుకుని రావాలి.

కొబ్బరాకు:
సెలవులెవరిస్తారండీ! ఒకరు పోయాక రెండోవాళ్లకి రాత్రి తోడెవరు?

దాళ్వా:
మీ వాదన మీదే గానీ, ఒకటి చూడండి. మన పెద్దాళ్లు దిగులని చెప్పరు, ‘గ్యాస్’ అంటారు. తెల్లారుజామున మూడింటికే మెలకువ, పులస వండినా సహించకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకి చూపించాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్, పైన గ్యాస్ బిళ్ల ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు. అదీ, థైరాయిడ్ తగ్గడమూ అచ్చం దిగులులాగే కనిపిస్తాయి. ముందు ఆ రెండు రక్త పరీక్షలు చేయించండి. నిద్రకని ఆల్ప్రాజోలం కొనిచ్చేయకండి, రాత్రి లేచి పడిపోతారు. మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్లో ‘ఆ, ఆ’ అని పెట్టేస్తుంటే అలక అనుకోకండి, చెవి చూపించండి.

రేవుగట్టు:
చాలా ఇళ్లలో ఆస్తి పంచాకే ఈ వంతులు మొదలవుతాయి, గమనించారా? రాసిచ్చేటప్పుడే పోషణ షరతు దస్తావేజులో పెట్టించాలి. చూడకపోతే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణకి తెచ్చిన 2007 చట్టం 23వ సెక్షన్ కింద రద్దు కోరుతూ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. షరతు లేకపోతే కేసు చిక్కుల్లో పడుతుంది. ఇల్లు తమ పేరునే ఉంచుకున్నవాళ్లని వంతుకి పిలిచి చూడండి, ‘మీరే రండర్రా’ అంటారు.