ఇంటి కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ ఖాతా లేకుండా పోయింది, దారి చెప్పండి

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది. మరమ్మతుకు ఇచ్చిన దుకాణంలో విండోస్‌లో మొదటి నుంచీ మూసి ఉండే అడ్మినిస్ట్రేటర్ ఖాతాను (అన్ని మార్పులూ చేసే హక్కు ఉన్నది) తెరిచి, నా ఖాతాను స్టాండర్డ్‌గా, అంటే పరిమిత హక్కులున్న ఖాతాగా మార్చి, మళ్లీ ఆ అడ్మినిస్ట్రేటర్ ఖాతాను మూసేశారట. ఇప్పుడు ఏ ప్రోగ్రామ్ ఎక్కించబోయినా అనుమతి అడిగే పెట్టె వస్తోంది. అందులో ‘యెస్’ బూడిదరంగులో ఉండిపోతుంది, పాస్‌వర్డ్ కొట్టే గడి కూడా ఉండదు. ‘నో’ ఒక్కటే నొక్కగలుగుతున్నాను.

సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవాటితో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి) ఆ మూసిన ఖాతా కనిపిస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా? అక్కడ కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ఖాతాలను మార్చే ‘నెట్ యూజర్’ ఆదేశంతో నా ఖాతాకు పాత హక్కులు తిరిగి ఇవ్వవచ్చా? విండోస్ మళ్లీ ఎక్కించమని మాత్రం చెప్పకండి. చనిపోయిన మా నాన్నగారి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, వాటికి మరో ప్రతి లేదు. ముందుగా వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి వరుసగా చెప్పండి.