కాలేజీ ఫుట్‌బాల్‌లో స్పెషల్ టీమ్స్ కోచ్ అవ్వాలంటే దారేంటి?

ఫ్రిస్కో_వంశీ:
అన్నలూ, అమెరికన్ ఫుట్‌బాల్ గురించే అడుగుతున్నా, సాకర్ కాదు. మా తమ్ముడు హైస్కూల్లో లాంగ్ స్నాపర్, అంటే కాళ్ల మధ్యలోంచి బంతిని వెనక దూరంగా ఉన్నవాడికి విసిరేవాడు. కాలేజీలో ఆడే ఛాన్స్ లేదు, కోచింగ్‌లోకి వెళ్తానంటున్నాడు, అదీ స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే, తన్నిన బంతిని తిరిగి తెచ్చే ఆటలకి దిగే జట్లు) వైపే. అసలు ఇదొక ఉద్యోగమేనా అని నాన్న అడుగుతున్నారు. మెట్లు ఎలా ఉంటాయి, రోజూ చేసే పనేంటి, ముందు ఏం నేర్చుకోవాలి? వీడు సిటిజనే. ఎఫ్-1 మీద ఎంఎస్ చేస్తున్న మా బాబాయి కొడుకు కూడా అడుగుతున్నాడు, వాడి సంగతి కూడా చెప్పగలరు.

సైడ్‌లైన్_శాస్త్రి:
ఉద్యోగమేనని నాన్నగారికి చెప్పు తమ్ముడూ. కాకపోతే కుదురు లేని ఉద్యోగం. హెడ్ కోచ్‌ని తీసేస్తే కిందవాళ్లు కూడా చాలాసార్లు పెట్టేబేడా సర్దుకోవాల్సిందే.

మామూలుగా దారి ఇదీ: చదువుకుంటూ స్టూడెంట్ అసిస్టెంట్ లేదా మేనేజర్, డిగ్రీ అయ్యాక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, తర్వాత క్వాలిటీ కంట్రోల్ లేదా అనలిస్ట్, ఆపైన అసిస్టెంట్ కోచ్, చివరికి కోఆర్డినేటర్. మధ్యలో చిన్న డివిజన్ కాలేజీకి వెళ్లి, అక్కడ నేరుగా కోఆర్డినేటర్‌గా చేసి మళ్లీ పైకి వచ్చేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే అదే మంచి దారి. పెద్ద ప్రోగ్రామ్‌లో మూడేళ్లు ప్రాక్టీస్ కోసం ప్లే కార్డులు గీసేకన్నా చిన్న చోట ఒక్క సీజన్ పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి ఇచ్చేసే ఆట) టీమ్ నడిపితే ఎక్కువ వస్తుంది.

రెండు రూల్ మార్పులు గుర్తుపెట్టుకోండి. 2018 జనవరిలో ఎఫ్‌బీఎస్‌లో (కాలేజీ ఫుట్‌బాల్ పై స్థాయి) పదో అసిస్టెంట్‌కి అనుమతి వచ్చింది, చాలా టీములు ఆ కుర్చీని స్పెషల్ టీమ్స్‌కే ఇచ్చాయి. 2024లో అనలిస్టులు కూడా మైదానంలో కోచింగ్ ఇవ్వొచ్చన్నారు, కానీ బయటికి వెళ్లి రిక్రూట్ చేసే వాళ్ల సంఖ్య మాత్రం పెరగలేదు. దీంతో కొత్తవాడికి లాభం ఉంది: చిన్న హోదాలో ఉన్నా విజిల్ పట్టుకోవచ్చు. నష్టమూ ఉంది: రిక్రూటింగ్ రాని స్పెషల్ టీమ్స్ కోచ్‌ని ఆ పదిమందిలోంచి తప్పించి, అనలిస్ట్‌గా పెట్టుకుంటే సరిపోతుందనే ఆలోచన హెడ్ కోచ్‌కి వస్తుంది.

అందుకే మీ తమ్ముడు స్పెషల్ టీమ్స్ ఒక్కటే పట్టుకుని కూర్చోకూడదు. టైట్ ఎండ్స్, రన్నింగ్ బ్యాక్స్, లైన్‌బ్యాకర్లు, సేఫ్టీలు, వీటిలో ఒక పొజిషన్ కూడా చేతిలో ఉండాలి. కవరేజ్ యూనిట్లలో (తన్నిన బంతి పట్టినవాణ్ణి ఆపే జట్లు) ఆడేది ఎక్కువగా ఆ కుర్రాళ్లే కాబట్టి రెండూ కలిసొస్తాయి.

పైకి ఎంతదాకా వెళ్లొచ్చంటారా, జాన్ హార్బా సిన్సినాటి, ఇండియానా యూనివర్సిటీల్లో ఈ పని చేసి, 1998లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) టీమ్ ఈగల్స్‌కి స్పెషల్ టీమ్స్ కోఆర్డినేటర్‌గా వెళ్లి, 2008లో అదే లీగ్‌లో రేవెన్స్ హెడ్ కోచ్ అయ్యాడు. వర్జీనియా టెక్‌లో ఫ్రాంక్ బీమర్ హెడ్ కోచ్‌గా ఉంటూనే స్పెషల్ టీమ్స్ తన చేతిలో పెట్టుకున్నాడు. అవి పేరుకెక్కినవాళ్ల సంగతులు, అందరికీ అలా జరగదు.

స్టాప్‌వాచ్:
రోజువారీ పని నేను చెప్తా. ఆరు యూనిట్లు: కికాఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను), కికాఫ్ రిటర్న్, పంట్, పంట్ రిటర్న్, ఫీల్డ్ గోల్ (గోల్ కర్రల మధ్యకి తన్ని పాయింట్లు తెచ్చేది), ఫీల్డ్ గోల్ బ్లాక్. ఆన్‌సైడ్ కిక్ (తన్నినవాళ్లే తిరిగి పట్టుకోవాలని వేసే పొట్టి కికాఫ్) వస్తుందనుకుంటే దింపే హ్యాండ్స్ టీమ్ అదనం. సీజన్‌లో ఆటగాళ్ల టైమ్ వారానికి 20 గంటలకు మించకూడదని ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంస్థ) రూల్. అందులో అఫెన్స్, డిఫెన్స్ తీసుకోగా మనకి మిగిలేది ప్రాక్టీస్‌లో ఐదేసి నిమిషాల పీరియడ్లు మూడో నాలుగో, ఒక చిన్న మీటింగ్. ఆ నిమిషాల్ని ఎలా వాడతాడన్నదే ఈ కోచ్ పనితనం.

పంట్ చూడండి. కాలేజీలో షీల్డ్ పంట్ ఎక్కువ, ఎందుకంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లోలాగా రెండు చివర్ల ఇద్దరు తప్ప మిగతావాళ్లు బంతిని తన్నేవరకు లైన్ దగ్గరే ఆగాలన్న రూల్ ఇక్కడ లేదు. స్నాప్ అవ్వగానే లైన్ అంతా పరిగెత్తొచ్చు. ముగ్గురు పంటర్ ముందు అడ్డుగోడలా షీల్డ్‌లో, పంటర్ సుమారు 14–15 యార్డుల వెనక. స్నాప్‌కి 0.75–0.8 సెకన్లు, పట్టుకున్నప్పటి నుంచి తన్నేవరకు 1.3 లోపు, మొత్తం 2.1 దాటకూడదు. దాటిందంటే బ్లాక్ అవ్వడం లైన్ తప్పు కాదు, ఆపరేషన్ (స్నాప్, తన్ను కలిపి పట్టే టైమ్) తప్పు. స్నాప్ టైమ్‌నీ తన్నే టైమ్‌నీ విడివిడిగా కొలవకపోతే ఏ తప్పుకి ఎవణ్ణి తిట్టాలో కూడా తెలియదు. హ్యాంగ్ టైమ్‌కి (బంతి గాల్లో ఉండే సమయం) మోటు లెక్క: 40 యార్డులకి 4.0 సెకన్లు, 45కి 4.5. యాభై యార్డులు తన్ని గాల్లో 3.9 సెకన్లే ఉంచే పంటర్ అంకెల్లో గొప్పగా కనిపిస్తాడు, కవరేజ్‌ని మాత్రం ముంచుతాడు.

ఫీల్డ్ గోల్‌కి స్నాప్ నుంచి తన్నేవరకు 1.3 సెకన్లు. కాలేజీలో హాష్ మార్కుల (బంతిని పెట్టే చోటుకి రెండు వైపులా హద్దుగా ఉండే గీతలు) మధ్య 40 అడుగుల దూరం, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాబట్టి కాలేజీ కిక్కర్‌కి కోణం బాగా మారుతుంది. ఎడమ హాష్, మధ్య, కుడి హాష్ అని విడివిడిగా చార్ట్ రాయాలి. "75 శాతం కొడతాడు" అన్న ఒక్క అంకె హెడ్ కోచ్‌కి నాలుగో డౌన్‌లో (పది యార్డులు దాటడానికి ఇచ్చే ప్రయత్నాల్లో చివరిది) ఎందుకూ పనికిరాదు.

మ్యాచ్‌లు పోయేది ఎక్కువగా టెక్నిక్ వల్ల కాదు, మైదానంలో పదకొండుమందికి బదులు పదిమందే ఉండటం వల్ల. రెండో క్వార్టర్‌లో ఒక సేఫ్టీకి దెబ్బ తగిలితే వాడు నాలుగు యూనిట్లలో ఉన్నాడని అప్పుడు గుర్తొస్తుంది. ప్రతి యూనిట్‌కి ప్రతి స్థానానికి బదులు మనిషి పేరు లామినేట్ చేసిన కార్డు మీద ఉండాలి. మూడో డౌన్ మొదలవ్వగానే పంట్ టీమ్ సైడ్‌లైన్ దగ్గర గుమిగూడాలి, ఒకడు తలలు లెక్కపెట్టాలి. ఆ లెక్కపెట్టే పని సాధారణంగా కొత్తగా చేరిన అసిస్టెంట్‌దే. మీ తమ్ముడి మొదటి ఉద్యోగం బహుశా అదే.

సైడ్‌లైన్_శాస్త్రి:
స్టాప్‌వాచ్ గారి మాటకి ఒకటి కలుపుతా. 2025లో హౌస్ సెటిల్‌మెంట్ (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన కేసులో రాజీ) తర్వాత, దానిలో చేరిన టీములకి రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) 105 మందికి పరిమితమైంది. అంతకుముందు 85 స్కాలర్‌షిప్‌ల పైన వాక్-ఆన్‌లు (స్కాలర్‌షిప్ లేకుండా చేరినవాళ్లు) ఎంతమందైనా ఉండేవారు, స్పెషల్ టీమ్స్ స్కౌట్ పని (ప్రాక్టీస్‌లో ప్రత్యర్థిలా ఆడటం) వాళ్ల మీదే నడిచేది. ఇప్పుడు మూడో స్నాపర్‌ని ఉంచుకోవాలా, ఇంకో కార్నర్‌బ్యాక్‌ని తీసుకోవాలా అన్న బేరం స్టాఫ్ రూమ్‌లో జరుగుతుంది. ఆ బేరంలో గట్టిగా మాట్లాడగలిగినవాడే నిలబడతాడు.

కెన్సస్_అక్క:
ఎఫ్-1 అబ్బాయి గురించి. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు దాటకూడదు. మేనేజర్ పనికి ఇది కుదురుతుంది, కానీ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కోచ్‌లు సీజన్‌లో పెట్టే గంటలు అంతకు చాలా ఎక్కువ. "వాలంటీర్‌గా చేస్తున్నా" అంటే చెల్లుతుందని అనుకోవద్దు, ముందే ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో అడగమనండి. ఓపీటీ (ఎఫ్-1 వాళ్లకి చదువుకి తగ్గ పని అనుమతి) కావాలంటే పని డిగ్రీకి సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌తో కోచింగ్ చూపించడం కష్టం. అదే టీమ్‌లో డేటా, వీడియో అనలిటిక్స్ పని అయితే దారి ఉంది, లోపలికి వెళ్లడానికి అది చెడ్డ తలుపేం కాదు.

స్నాపర్ తమ్ముడికి ఒక మాట: స్నాపింగ్ వచ్చినంత మాత్రాన స్నాపర్‌ని దిద్దడం రాదు. బంతి ఎత్తుకు పోతుంటే చాలావరకు తుంటి ముందే లేచిపోవడమే కారణం, చేతులు కాదు. పక్కకి పోతుంటే రెండు చేతుల ఫాలో-త్రూ సమానంగా ఉందా చూడాలి. ఇంకా, పంటర్లు ఇప్పుడు ఆస్ట్రేలియా నుంచి బాగా వస్తున్నారు, మెల్‌బోర్న్‌లోని ప్రోకిక్ ఆస్ట్రేలియాలో శిక్షణ తీసుకుని. వాళ్లు పరిగెత్తుతూ తన్నే రగ్బీ పంట్ వేస్తారు. బంతితో టాకిల్ బాక్స్ (లైన్‌లో ఇద్దరు టాకిల్స్ మధ్య చోటు) బయటికి వెళ్తే పంటర్‌కి, గుద్దితే పెనాల్టీ అనే మామూలు రక్షణ ఉండదన్న రూల్ వాళ్లకి మొదటి రోజే చెప్పాలి.

ఫ్రిస్కో_వంశీ:
థాంక్స్ అక్కా, శాస్త్రి అన్నా. ఇంటర్వ్యూకి వెళ్తే ఏం చూపించాలి? వాడి దగ్గర సొంత ఆట వీడియోలు తప్ప ఏం లేవు.

స్టాప్‌వాచ్:
ఆ వీడియోలు పక్కన పెట్టమను. ఒక టీమ్‌ని ఎంచుకుని ఆరు మ్యాచ్‌ల పంట్లు అన్నీ కట్ చేసి, ప్రతిదానికీ స్నాప్ టైమ్, ఆపరేషన్ టైమ్, హ్యాంగ్, దిశ, రిటర్న్ ఎంత అన్నది ఒక షీట్‌లో రాయాలి. దాంతో "వీళ్ల కుడి గార్డ్ లోపలికి వంగుతాడు, బయట గ్యాప్ తెరుచుకుంటుంది" అని ఒక పేజీ రిపోర్ట్. రెండోది, తప్పు జరిగిన ఒక ప్లేకి సొంత పరిష్కారం. 2013 ఐరన్ బౌల్ (అలబామా, ఆబర్న్ టీముల మ్యాచ్) ఉందిగా, అలబామా 57 యార్డుల ఫీల్డ్ గోల్ పొట్టిగా పడితే ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ ఎండ్ జోన్ లోపల పట్టుకుని ఆ చివరి దాకా పరిగెత్తాడు. ఆబర్న్ 34-28తో గెలిచింది. పొట్టిగా పడిన కిక్‌ని రిటర్న్ చేయొచ్చు, కానీ ఫీల్డ్ గోల్ టీమ్‌లో ఎక్కువమంది భారీ లైన్‌మెన్, వాళ్లు వేగంగా వెంటపడలేరు. అంత దూరపు కిక్ అయితే వింగుల్లో (లైన్ రెండు చివర్ల) వేగమైనవాళ్లని పెట్టి, తన్నాక రెండు సైడ్‌లైన్‌ల వైపు విచ్చుకోమని చెప్పాలి. కిక్కర్, హోల్డర్ (బంతిని నిలిపి పట్టుకునేవాడు) చివరి కాపలాగా వెనక ఉండాలి. ఇది బోర్డు మీద మార్కర్‌తో రెండు నిమిషాల్లో గీసి చూపించగలగాలి, కోచ్‌లు ఇంటర్వ్యూలో మార్కర్ చేతికిస్తారు. ప్రతి జనవరిలో ఏఎఫ్‌సీఏ (ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం) కన్వెన్షన్ జరుగుతుంది, ఉద్యోగాల మాటలు చాలావరకు అక్కడ హోటల్ లాబీల్లోనే నడుస్తాయి. ఆ షీట్ ప్రింట్లు ఓ ఇరవై పట్టుకెళ్లమను.