షుగర్ ఉన్నవాళ్ళకి యాపిల్ జ్యూస్ ఇవ్వొచ్చా, పండే పెట్టాలా?

పాతకోడలు:
మా మామగారికి ఈమధ్యే షుగర్ మొదలైంది, మాత్రలు వేసుకుంటున్నారు. మా అత్తయ్యగారు రోజూ పొద్దున్నే యాపిల్ తొక్క తీసి, మిక్సీ పట్టి, వడగట్టి గ్లాసు నిండా జ్యూస్ ఇస్తారు. "పంచదార చెంచాడు కూడా వెయ్యలేదు, ఇంకేం భయం" అంటారు. మా ఆడపడుచేమో ఫోన్ చేసిన ప్రతిసారీ తీపి పండ్లు అసలు ముట్టుకోనివ్వద్దని గొడవ. మధ్యలో నలిగేది నేను.

ఇంకొకటి. నాకు హిమోగ్లోబిన్ తక్కువ. కోసిన యాపిల్ నల్లబడేది ఐరన్ వల్లేనని, తింటే రక్తం పడుతుందని నాకూ పెడుతున్నారు. నిజమేనా? "డాక్టర్ని అడగండి" అని మాత్రం వదిలెయ్యకండి. అడిగితే ఆయన "పండ్లు తినొచ్చమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

పీచుపిచ్చి:
నేను డైటీషియన్‌ని. ఈ వడగట్టే అలవాటు మీదే నాకు రోజూ సగం వాదనలు నడుస్తాయి.

మధ్యరకం యాపిల్ సుమారు 180 గ్రాములుంటుంది. తొక్కతో తింటే 95 కేలరీలు, 19 గ్రాముల చక్కెర, 4 గ్రాములకు పైగా పీచు. తొక్క తీస్తే ఆ పీచు దాదాపు సగానికి పడిపోతుంది. వడగడితే మిగిలినదీ పిప్పితో పాటు చెత్తబుట్టలోకే. చక్కెర మాత్రం గ్లాసులోకి దిగుతుంది. పైగా గ్లాసు నిండాలంటే రెండు మూడు పండ్లు పడతాయి. నమిలి తినమంటే ఆయన ఒక్కసారే మూడు తింటారా?

యాపిల్‌లో ఉండే పెక్టిన్ కరిగే రకం పీచు. జామ్ గట్టిపడేది దానివల్లే. కడుపులో చిక్కబడి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే తియ్యగా ఉన్నా యాపిల్ గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 40 లోపే. చెడు కొలెస్ట్రాల్‌ని కూడా కాస్త తగ్గిస్తుంది, మాత్ర మానేసేంత కాదు. 2013లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన హార్వర్డ్ పరిశోధనలో యాపిల్, ద్రాక్ష లాంటివి పండ్లుగా తినేవాళ్ళలో షుగర్ వచ్చే ప్రమాదం తక్కువగా, జ్యూస్ ఎక్కువగా తాగేవాళ్ళలో ఎక్కువగా కనిపించింది. అది అప్పటికి షుగర్ లేనివాళ్ళ మీద చేసింది, అయినా పండుకీ జ్యూస్‌కీ ఉన్న తేడా తెలుస్తుంది. కాబట్టి మీ ఆడపడుచు భయం జ్యూస్ విషయంలో సబబే, రోజుకొక పండు విషయంలో కాదు.

ఇక రక్తం సంగతి. కోసిన ముక్క నల్లబడేది అందులోని ఒక ఎంజైమ్‌కి గాలి తగిలి. ఐరన్‌తో సంబంధం లేదు. పండు మొత్తంలో ఐరన్ సుమారు 0.2 మిల్లీగ్రాములే. మీరు యాపిల్‌ని నమ్ముకుని ఐరన్ మాత్ర పక్కన పెట్టకండి.

మెల్లగా_నములు:
నాకు యాపిల్ తింటే కడుపు ఉబ్బరం. మంచిదని అందరూ తినమనేవారు, తిన్నాక నా పాట్లు ఎవరికి తెలుసు! అందులో సార్బిటాల్, ఫ్రక్టోజ్ అనే తీపి పదార్థాలు ఎక్కువని, సున్నితమైన పేగులకి పడవని తర్వాత తెలిసింది. మీ మామగారికి గ్యాస్ ఉంటే సగం పండుతో మొదలుపెట్టండి.

రాత్రి_డ్యూటీ:
ఒక్క సందర్భంలో మాత్రం జ్యూసే మేలు. షుగర్ మాత్రల్లో కొన్ని రకాలకి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు వచ్చి షుగర్ చూసే మీటర్లో 70 కన్నా తక్కువ చూపిస్తే సగం గ్లాసు జ్యూస్ తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పాతకోడలు:
ఇది ఎవరూ చెప్పలేదు, థాంక్సండీ. కానీ ఆయనవి కట్టుడు పళ్ళు, తొక్క నమలలేరు. పైగా తొక్క మీద మైనం, మందులు అని అత్తయ్యగారి టెన్షన్.

పీచుపిచ్చి:
పల్చగా చీరి, కాసేపు ఆవిరి మీద పెట్టండి, తొక్క మెత్తబడుతుంది. పెక్టిన్ ఎక్కడికీ పోదు. అదీ కుదరకపోతే తొక్క తీసే పెట్టండి, జ్యూస్ కన్నా ఎంతో నయం. మైనం తినదగినదే వాడతారు. పారే నీళ్ళ కింద చేత్తో బాగా రుద్ది కడగండి. వంటసోడా నీళ్ళలో ఓ పావుగంట నానబెడితే పైనున్న మందు ఇంకా బాగా పోతుంది, తొక్కలోకి దిగింది మాత్రం పోదు.

మొదటి వారం పండు తిన్న రెండు గంటలకి మీటర్‌తో చూసి ఓ కాగితం మీద రాయండి. అది ఫొటో తీసి మీ ఆడపడుచుకి పంపండి.