ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలికింది: ఆరబెట్టి ఆన్ చేయాలా, విప్పి కడిగించాలా?

ఒలికిన కాఫీ · శనివారం సాయంత్రం 4:10

అన్నలకీ అక్కలకీ నమస్కారం. నేను తిరుపతి బైరాగిపట్టెడలో రూమ్ తీసుకుని ఉంటున్నా, ఎంసీఏ రెండో సంవత్సరం. నిన్న రాత్రి పదకొండున్నరకి ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేస్తుంటే మోచేయి తగిలి కాఫీ గ్లాసు కీబోర్డ్ మీద పడింది. ఫిల్టర్ కాఫీ, పాలూ చక్కెరా దండిగా వేసినదే. అర గ్లాసు పైనే పోయి ఉంటుంది, ఎక్కువగా ఎంటర్ కీ వైపు.

స్క్రీన్ ఆరిపోలేదు. వెంటనే చార్జర్ పీకేశా, పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆఫ్ చేశా. టవల్‌తో తుడిచి, బోర్లించి ఫ్యాన్ కింద పెట్టా. ఇంతలో రూమ్‌మేట్ రెండు కిలోల బియ్యం పెద్ద కవర్లో పోసి దాన్ని అందులో పాతిపెట్టాడు.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. మూడు రోజులు బియ్యంలో ఉంచి ఆన్ చేస్తే చాలని రూమ్‌మేట్ అంటాడు. చిత్తూరులో ఉండే మా మామ ఫోన్ చేసి ఈ రోజే విప్పించమని తిట్టాడు. షాపులో విప్పి చూడ్డానికే 500 అడిగారు. కొని 14 నెలలైంది, వారంటీ లేదు. సోమవారం రివ్యూ. రిపోర్ట్ మొత్తం అందులోనే ఉంది. టెన్షన్‌తో తల పగిలిపోతోంది. మీరే చెప్పండి.

ఫ్యాన్‌గాలి · 4:26

ముందు ఊపిరి పీల్చుకో తమ్ముడూ. చేయాల్సినవి చేశావు. 2019లో నా ల్యాప్‌టాప్ మీద నీళ్ల బాటిల్ సగం ఖాళీ అయింది. నాలుగు రోజులు బోర్లించి ఫ్యాన్ కింద పెట్టా, ఐదో రోజు ఆన్ చేశా. ఈ మెసేజ్ దాని మీదే టైప్ చేస్తున్నా.

విప్పడం గురించి అందరూ ఈజీగా చెప్తారు. అడుగు మూత క్లిప్పులు ప్లాస్టిక్‌వి, గోరంత పట్టు తప్పితే విరుగుతాయి. స్క్రూలు ఒకే సైజు ఉండవు, పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే కింద మదర్‌బోర్డునే పొడుస్తుంది. మా ఆఫీసులో ఒకాయన ల్యాప్‌టాప్ కీబోర్డ్ మార్చడానికి ఇస్తే టచ్‌ప్యాడ్ రిబ్బన్ కేబుల్ తెగి వచ్చింది. అడిగితే "ముందే అట్లా ఉంది సార్" అన్నారు. బోర్డు పోయిందని వాళ్లు చెప్తే నిజమో కాదో నీకెలా తెలుస్తుంది? నా ఓటు ఆరబెట్టడానికే.

మిద్దెమీద ఎండ · 4:31

ఫ్యాన్ ఎందుకు, మిద్దె మీద పెట్టు. మన ఎండకి వడియాలే ఒక పూటలో ఎండిపోతాయి.

సోల్డరింగ్ అన్న · 4:58

ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ, వడియం కాదు. వేడి గాలి కొడితే కీలు వంకర పోతాయి, పైన ఉన్న తడి ఇంకా లోపలికి తోసుకుపోతుంది.

పదకొండేళ్లుగా తిరుపతిలోనే ఈ పని చేస్తున్నా. షాపు ఎక్కడో చెప్పను, ప్రచారం కోసం వచ్చాననుకుంటారు.

తమ్ముడూ, నువ్వు ల్యాప్‌టాప్ ఆఫ్ చేశావు. బ్యాటరీ ఆఫ్ కాలేదు. పాత మోడళ్లలో అయితే అడుగున లివర్ జరిపి బ్యాటరీ బయటికి లాగేవాళ్లం. ఇప్పుడు అది లోపల బోర్డుకు తగిలించే ఉంటుంది. పవర్ బటన్ నొక్కగానే మెషీన్ లేవాలి కదా, అందుకని కొన్ని లైన్లలో 3.3 వోల్టులో 5 వోల్టులో ఎప్పుడూ ఉంటాయి. ఆ కాస్త కరెంటుకు తడి తోడైతే, పక్కపక్కనే ఉన్న రెండు చిప్ కాళ్ల (పిన్నుల) మధ్య రాగి కరిగి పాకడం మొదలవుతుంది. పాత ఇత్తడి చెంబుకు చిలుము పట్టినట్టు పచ్చగా పొర కడుతుంది. నువ్వు ఇది చదువుతున్నప్పుడు కూడా ఆ పని జరుగుతూ ఉండొచ్చు.

ఫ్యాన్‌గాలి గారిది నీళ్ల కథ. తాగే నీళ్లు ఆరితే పెద్దగా ఏమీ మిగలదు. కాఫీ ఆరితే అందులో నీళ్లు మాత్రమే పోతాయి, పాలూ చక్కెరా ఉన్న చోటే ఉంటాయి. చక్కెర గాలిలో తేమ పీలుస్తుంది. బెల్లం డబ్బా మూత సరిగా పెట్టకపోతే వానాకాలంలో ఏమవుతుందో ఇంట్లో అడుగు. ఎండాకాలంలో కాఫీ పడి, ఆరబెట్టాక బాగానే పనిచేసి, అక్టోబర్ నవంబర్ వానలకు చచ్చిపోయిన మెషీన్లు నా దగ్గరికి వస్తుంటాయి. "దానంతటదే ఆగిపోయిందన్నా" అంటారు. మూత తీస్తే కాఫీ వాసన.

నా మాట: ఈ రోజే విప్పించు. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకమను, బోర్డు కడగడం, మిగతావన్నీ తర్వాత. నువ్వు ఎదురుగా కూర్చో. అందుకు ఒప్పుకోని షాపు నుంచి లేచి వచ్చెయ్.

గ్రీమ్స్‌పేట అక్క · 5:05

బియ్యం గురించి నాకో అనుభవం ఉంది. మా అమ్మాయి ల్యాప్‌టాప్ మీద మజ్జిగ పడితే నేనే బియ్యం డబ్బాలో పెట్టాను, బుద్ధి తక్కువై. రెండు రోజుల తర్వాత చార్జింగ్ పిన్ను లోపలికి పోవట్లేదు. టార్చి వేసి చూస్తే నూక ఇరుక్కుని ఉంది. దాన్ని గుండుసూదితో తీయడానికి అరగంట. తీసేటప్పటికి లోపలి చిన్న నాలుక వంగింది. మజ్జిగ ఏం చేసేదో తెలియదు గానీ బియ్యం చేసింది మాత్రం కళ్లారా చూశాను.

తడిసిన ఐఫోన్‌ను బియ్యం సంచిలో పెట్టొద్దని యాపిల్ కంపెనీయే తన సహాయం పేజీలో రాసింది, 2024లో అది వార్తల్లో కూడా వచ్చింది. బియ్యం పొడి లోపలికి పోతుందనే వాళ్లూ చెప్పారు.

ఫ్యాన్‌గాలి · 5:12

బియ్యం నేను చెప్పలేదక్కా, దాన్ని వదిలేద్దాం. బయట పెట్టిన బియ్యం మూసిన ల్యాప్‌టాప్ లోపలి తడిని ఎట్లా లాగుతుంది? ఫ్యాన్ గాలే నయం.

సోల్డరింగ్ అన్నా, మీ దగ్గరికి వచ్చేవన్నీ చెడిపోయినవే. ఆరబెట్టాక బాగుపడినవాళ్లు మీ షాపు మెట్లు ఎందుకు ఎక్కుతారు? ఆసుపత్రిలో కూర్చుని చూస్తే ఊరంతా జ్వరమే అనిపిస్తుంది. పది మందిలో ఎంతమంది ఆరబెట్టి బాగుపడ్డారో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇంకోటి, కడగడం అంటున్నారు. నీళ్లు పడిందని ఏడుస్తుంటే మళ్లీ నీళ్లు పోస్తారా?

సోల్డరింగ్ అన్న · 5:20

ఆసుపత్రి మాట నిజమే, ఒప్పుకుంటా. ఒక్కటి మాత్రం చూడు. బాగుపడిందా లేదా అన్నది ఆన్ చేసి తెలుసుకోవాలంటున్నావు. లోపల తడి మిగిలి ఉంటే ఆన్ చేసిన ఆ క్షణమే షార్ట్ కావొచ్చు. అప్పటిదాకా కడిగితే పోయేది, తర్వాత చిప్ మార్చాల్సి వస్తుంది.

కడిగేది స్పిరిట్‌తో, నీళ్లతో కాదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఎవరైనా చేతులకు రాసుకునే శానిటైజర్ పోయమంటే వినొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిగురు మీద జిగురు.

పాత కెమిస్ట్రీ సార్ · 5:34

రిటైరైనవాడిని, ఊరికే ఉండలేక రాస్తున్నా. సోల్డరింగ్ అన్న చెప్పినదానిలో ఒక సవరణ.

చక్కెర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దాదాపు కరగదు. నమ్మకపోతే చిటికెడు వేసి కలిపి చూడండి, అడుగున అట్లాగే కూర్చుంటుంది. పాల సంగతి ఇంకా ఘోరం. మన చిత్తూరు వైపు పాల సేకరణ కేంద్రాల్లో ఆల్కహాల్ టెస్ట్ చూసినవాళ్లు ఉంటారు. పుల్లబారిన పాలలో ఆల్కహాల్ కలిపితే గడ్డలు కడతాయి. రాత్రంతా కీబోర్డ్ కింద ఉన్న పాలు పుల్లబారకుండా ఉంటాయా? నేరుగా స్పిరిట్ కొడితే ఆ గడ్డ చిప్ కాళ్ల మధ్య అతుక్కుంటుంది.

కాబట్టి ముందు నీళ్లే. కుళాయి నీళ్లు కాదు. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది కదా, బోర్డు మీద అదే మిగులుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. బ్యాటరీ, స్క్రీన్ విడిగా తీసేసి, బోర్డును మాత్రం మెత్తని బ్రష్‌తో కడగాలి. ఆ నీళ్లను తరిమేయడానికి చివర్లో ఆల్కహాల్. అది నీళ్లతో కలిసిపోయి తొందరగా ఆవిరవుతుంది. అందుకే 70 శాతంది పనికిరాదు, మిగతా 30 నీళ్లే. అన్నట్టు, అది భగ్గున మండే సరుకు. పక్కన దీపం, అగరుబత్తి ఏమీ ఉండకూడదు.

ఫ్యాన్‌గాలి గారి సందేహానికి జవాబు కూడా ఇదే. తడి, కరెంటు రెండూ కలిసినప్పుడే ఎక్కువ నష్టం. బ్యాటరీ పీకేసిన బోర్డును కడిగి పూర్తిగా ఆరబెడితే ఇబ్బంది లేదు.

సోల్డరింగ్ అన్న · 5:41

సార్ చెప్పింది కరెక్టే. మేమూ తీపి పడినవాటికి ముందు డిస్టిల్డ్ వాటరే కొడతాం, అందరికీ అర్థమవుతుందని స్పిరిట్ అన్నా. కోపం వద్దు సార్.

బాలాజీ కాలనీ బ్యాక్‌బెంచ్ · 5:47

తమ్ముడూ, షాపులో కాఫీ అని చెప్పొద్దు. "ఆన్ కావట్లేదు" అను చాలు. కాఫీ అనగానే రేటు పెరుగుతుంది.

సోల్డరింగ్ అన్న · 5:50

డాక్టర్ దగ్గర ఏం తిన్నావో దాచినట్టుంది ఇది. కొన్ని మోడళ్లలో లోపల చిన్న తెల్ల స్టిక్కర్లుంటాయి, తడి తగిలితే ఎర్రబడతాయి. దాచినా దాగదు. కాఫీ అని తెలియకపోతే చూసేవాడు నేరుగా కరెంటిచ్చి టెస్ట్ చేస్తాడు, నష్టం నీకే.

గ్రీమ్స్‌పేట అక్క · 5:55

అందరూ మెషీన్ గురించే కొట్టుకుంటున్నారు. పిల్లోడికి సోమవారం కావాల్సింది రిపోర్ట్. ఫైళ్లుండే డ్రైవ్ (ఎస్ఎస్‌డీ) విడిగా వచ్చే మోడలైతే తీసి ఒక కేసులో వేసి వేరే కంప్యూటర్‌కు పెడితే ఫైలు వస్తుంది కదా? ముందు అది చేయించు నాయనా. డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ఫోన్‌లో ఇప్పుడే చూసుకో.

ఒలికిన కాఫీ · 6:02

కీ దొరికిందక్కా! సగం ప్రాణం వచ్చింది. లీలామహల్ వైపు ఒక షాపుకు పోతున్నా. ఎదురుగా కూర్చోవచ్చన్నారు.

ఒలికిన కాఫీ · రాత్రి 9:25

వచ్చేశా. మొత్తం చెప్తా.

6:40కి అడుగు మూత తీశారు. పొడవు పొట్టి కలిసిపోకుండా స్క్రూలన్నీ ఒక కాగితం మీద, ఏ చోటిది ఆ చోట గుచ్చారు. బ్యాటరీ కనెక్టర్ ముందు పీకారు. ఎస్ఎస్‌డీ తీసి వాళ్ల సిస్టమ్‌కు పెట్టి, కీ కొట్టగానే రిపోర్ట్ నా పెన్‌డ్రైవ్‌లోకి వచ్చింది. అప్పుడు మంచినీళ్లు తాగా.

తర్వాత కీబోర్డ్. అది పైమూతకు ప్లాస్టిక్ రివెట్లతో అతికించి ఉంది. దాని కింద పలుచటి ప్లాస్టిక్ పొరలు మూడు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎంటర్ కీ దగ్గర ఆ పొర ఎత్తి చూపించారు. పంతొమ్మిది గంటలు ఫ్యాన్, బియ్యం అన్నీ అయ్యాక కూడా అక్కడ కాఫీ తడిగానే ఉంది! రూపాయి బిళ్లంత మడుగు, అంచున గోధుమరంగు మీగడ. వేలితో ముట్టుకుంటే సాగింది.

పెద్ద బోర్డు మీద మాత్రం ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్ పక్కన ఎండిన చుక్క ఒక్కటే. కుడి వైపు యూఎస్‌బీ ఉండే చిన్న బోర్డుకు ఎక్కువ పోయింది. దాని రిబ్బన్ తగిలించే చోట ఒక పిన్ను పచ్చగా ఉంది, భూతద్దంలో చూపిస్తేనే కనిపించింది. సార్ చెప్పినట్టే డిస్టిల్డ్ వాటర్, బ్రష్, తర్వాత స్పిరిట్. ఆరాక ఆన్ చేశారు. వచ్చింది!

ఎంటర్, బ్యాక్‌స్పేస్ పనిచేయవు. కీబోర్డ్ కడిగినా లాభం లేదు, మార్చాల్సిందేనట. క్లీనింగ్ 1,200, కీబోర్డ్, దాన్ని మార్చే పనితో కలిపి, 2,300. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్ నుంచి గురువారానికి తెప్పిస్తామన్నారు. అప్పటిదాకా బయట యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టుకుంటా.

ఫ్యాన్‌గాలి · 9:38

సంతోషం తమ్ముడూ. కానీ చూడండి, బోర్డు మీద ఎండిన చుక్క ఒక్కటేనట. కీబోర్డ్ ఎట్లాగూ పోయేదే. నాలుగు రోజులు ఆగి ఆన్ చేసి, పోయిన కీబోర్డ్ మార్పించుకుని ఉంటే 1,200 మిగిలేవి.

సోల్డరింగ్ అన్న · 9:44

ఆ పచ్చ పిన్ను?

ఫ్యాన్‌గాలి · 9:46

ఒక్క పిన్ను. అదీ యూఎస్‌బీది.

సోల్డరింగ్ అన్న · 9:49

పంతొమ్మిది గంటలకు ఒక్కటి. బ్యాటరీ తగిలించి నాలుగు రోజులు ఉంచుదామనే కదా నువ్వు చెప్పింది. ఎన్నయ్యేవో లెక్క నువ్వే వెయ్.

ఫ్యాన్‌గాలి · 9:57

సరే, ఒకటి ఒప్పుకుంటా. పాలు చక్కెర ఉన్నవి పడితే విప్పడమే మేలు. ఆ పొర కింద తడి అంతసేపు ఉంటుందనుకోలేదు. ఉత్త నీళ్లయితే మాత్రం నా మాట మీదే ఉంటా.

పాత కెమిస్ట్రీ సార్ · 10:03

ఉత్త నీళ్లైనా బ్యాటరీ కనెక్టర్ పీకి ఆరబెట్టండి. మిగతాది మీ ఇష్టం.

మిద్దెమీద ఎండ · 10:05

ఆ రెండు కిలోల బియ్యం ఏం చేశారు?

ఒలికిన కాఫీ · 10:11

రూమ్‌మేట్ జల్లించి డబ్బాలో పోశాడు. రేపు చిత్రాన్నం అంటున్నాడు. బియ్యం వాసన చూశా, కొంచెం కాఫీ కొడుతోంది.