ఆరేళ్ల పాపతో పేకముక్కల ఆటలు: పెద్దవాళ్లు కావాలనే ఓడిపోవాలా?

ప్రశ్న:
సెలవుల్లో కుటుంబమంతా కలిసి ప్రయాణమవుతున్నాం. దారిలోనూ, బస చేసే గదిలోనూ ఆడుకోవడానికి ఒక పేకకట్ట వెంట పెట్టుకున్నాం. మా పాపకు ఆరేళ్లు. అంకెలు గుర్తుపడుతుంది, ఏది పెద్దదో ఏది చిన్నదో చెప్పగలదు, కాని వరుసగా రెండు ఆటలు ఓడితే ముక్కలు విసిరేసి ఏడుస్తుంది. తను గెలవాలని మేము కావాలనే ఓడిపోవడం సరైనదేనా, లేక ఆ అవసరమే రాని ఆటలున్నాయా?

సమాధానం 1:
కావాలనే ఓడిపోవద్దండి. ఆ వయసు పిల్లలు మన ముఖం చూసే పసిగట్టేస్తారు, ఆ తరువాత నిజంగా గెలిచినా నమ్మరు. అందుకు బదులు పెద్దరికం అక్కరకు రాని ఆటను ఎంచుకోండి. జతల ఆట అలాంటిది. ఎనిమిది జతలు, అంటే 16 ముక్కలు తీసి, బోర్లించి వరుసలుగా పరచండి. ఒక్కొక్కరు రెండేసి ముక్కలు తిప్పి, అంకె కలిస్తే తీసుకోవాలి, కలవకపోతే ఉన్నచోటనే బోర్లించాలి. ఎప్పుడో తిప్పిన కళావరు తొమ్మిది ఏ మూలన ఉందో మీరు తడుముకుంటుండగానే పాప నేరుగా దాని మీద వేలు పెడుతుంది. కదిలే బండిలో ముక్కలు జారిపోతాయి కనుక దీన్ని గదిలోనే ఆడండి.

సమాధానం 2:
బండిలోనైతే పెద్దముక్క ఆట సులువు. 52 ముక్కలను చెరి 26 పంచుకుని, ఇద్దరూ ఒకేసారి పైముక్క వేస్తే, పెద్దది వేసినవారు రెండూ తీసుకుంటారు; సమానమైతే మళ్లీ వేస్తారు. అంతా పంపకం మీదే ఆధారపడి ఉంటుంది కనుక మీరూ పాపా సమానమే. అయితే ఒకరి చేయి ఖాళీ అయ్యేదాకా ఆడితే ఎంతకీ తెమలదు. పంచిన ముక్కలు ఒక్కసారి అయిపోగానే ఆపి, ఎవరివి ఎక్కువో పాపతోనే లెక్కపెట్టించండి.

సమాధానం 3:
కేవలం అదృష్టం మీద నడిచే ఆట పిల్లలకు త్వరగా విసుగు పుట్టిస్తుంది. నలుగురుంటే ఏడుతో మొదలయ్యే వరుసల ఆట ఆడండి: ఏడు పడ్డాక అదే గుర్తులో ఒకవైపు ఆరు, మరోవైపు ఎనిమిది, అలా పేర్చుకుంటూ పోయి, చేయి ముందుగా ఖాళీ చేసినవారు గెలుస్తారు. 13 ముక్కలు చిన్న చేతిలో నిలవవు కాబట్టి, ఒక పుస్తకం నిలబెట్టి దాని వెనుక పరచుకోనివ్వండి. ఇస్పేటు ఆరు బిగబట్టి ఉంచుకుంటే మిగతావాళ్లు ఆగిపోతారని తను కనిపెట్టే రోజు తప్పక వస్తుంది. దయచేసి ముందే చెప్పేయకండి. ఓడినవారే తరువాతి ఆటకు ముక్కలు కలిపి పంచాలని నియమం పెడితే, ఏడవడానికి వ్యవధి ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నాలుగేళ్ల బాబు కూడా ఆడతానంటున్నాడు, అంకెలు ఇంకా రావు.

సమాధానం 1:
రాజులు, రాణులు, జాకీలు మాత్రం విడదీయండి. ఆ 12 ముక్కలతో ఆరు జతలవుతాయి, బొమ్మ చూసి కలపడానికి అంకెలతో పనిలేదు.