షుగరు, మోకాళ్లు, గురక: ముగ్గురు డాక్టర్లు, మూడు ఫైళ్లు. ఏం చేయాలి?

కృష్ణలంక (విజయవాడ) వాసి:
మా అత్తయ్యకి 54 ఏళ్లు. ఎత్తు 155 సెం.మీ., బరువు 84 కేజీలు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 8.2. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ (నీరు తీసే మందు) కలిపిన మాత్ర. మోకాళ్లకి ఇంకో డాక్టరు గారు ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర రాశారు. రాత్రిళ్లు గట్టిగా గురక. సూర్యారావుపేటలో ఎవరి దగ్గరికెళ్లినా బరువు తగ్గమనే అంటున్నారు. సోమవారం నుంచి రాత్రి అన్నం మానేస్తానంటున్నారు. మానేయొచ్చా అండీ?

జనరల్ ఫిజీషియన్, గుంటూరు:
మాత్ర మార్చకుండా మాత్రం వద్దండీ. మనం అన్నం తిన్నా తినకపోయినా గ్లిమెపిరైడ్ ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది. భోజనం మానేసి మాత్ర వేసుకుంటే షుగరు పడిపోయి చెమట, వణుకు, విపరీతమైన ఆకలి. షుగరు 70 కన్నా తగ్గితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. ఇలా రెండుసార్లు పడితే భయంతో అస్తమానం ఏదో ఒకటి తింటారు, బరువు ఇంకా పెరుగుతుంది. అసలు ఆ మాత్రకే బరువు పెంచే గుణం ఉంది. డోసు తగ్గించాలా, వేరే మందుకి మార్చాలా అని ముందు షుగరు డాక్టరుని అడగండి. మీ అంతట మీరు ఆపకండి.

నాకు ఇంకా కంగారు పెట్టేది ఆ మూడు మందుల కలయిక: టెల్మిసార్టాన్, నీరు తీసే మందు, ఎసిక్లోఫెనాక్. కిడ్నీకి మూడు వైపుల నుంచీ దెబ్బ. బెజవాడ ఎండల్లో వాంతులో విరేచనాలో పట్టుకుంటే మరీ ప్రమాదం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షలు ఈ వారంలోనే చేయించండి. నొప్పి మాత్ర బీపీని కూడా పెంచుతుంది. అది తెలియకపోతే బీపీ డాక్టరు ఇంకో మాత్ర కలుపుతారు.

డైటీషియన్:
ఆవిడ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 35. మనవాళ్లకి 25 దాటితేనే ఊబకాయం. మొదటి గురి 5 శాతం, అంటే నాలుగు కేజీల పైచిలుకు. మూడు నెలల్లో చాలు. అన్నం ఒక్కటే దొంగ కాదండీ. టేబుల్‌స్పూన్ నూనెకి 120 కేలరీలు. ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి, ఎన్నాళ్లకి అయిపోయిందో చూసి ఇంట్లో మనుషుల లెక్కన పంచండి. వేపుడు, ఆవకాయ మీద తేలే నూనె, పులిహోర తాలింపు, అన్నీ అప్పుడు బయటపడతాయి. రాత్రికి ఒక కప్పు అన్నం ఉంచి, ముద్దపప్పు పెంచండి. కిడ్నీ రిపోర్టు చూశాకే గుడ్లు, పెరుగు లెక్క.

ఫిజియోథెరపిస్ట్:
ఒక కేజీ తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కేజీల భారం తగ్గుతుంది. నడక కన్నా ముందు తొడ కండరం. కుర్చీలో కూర్చుని కాలు చాచి 5 సెకన్లు ఆపడం, కాలికి పదిసార్లు, పూటకోసారి. ఇక గురక సంగతి: మెడ చుట్టుకొలత 40 సెం.మీ. దాటినా, పగలు కునుకు పడుతున్నా నిద్ర పరీక్ష అడగండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంటే బీపీ మాత్రలకి ఓ పట్టాన లొంగకపోవచ్చు.

కృష్ణలంక వాసి:
మరి ఫైలు ఎవరి దగ్గర ఉంచాలి?

జనరల్ ఫిజీషియన్, గుంటూరు:
షుగరు చూసేవారి దగ్గరే. ఒకే కాగితం మీద మందు పేరు, డోసు, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అదే చూపించండి. మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే అది కూడా రాయండి. తర్వాత కొన్ని రోజులు షుగరు ఎక్కువే చూపిస్తుంది, ఆ రీడింగులతో ఎవరో మాత్ర పెంచేస్తారు.